బోటింగ్ కోసం కట్టిన చిన్న మట్టికట్టకు కూడా ప్రభుత్వ తనిఖీ ఉంటుందా?

దిగువన ఇళ్లు ఉంటే సాధారణంగా ఉంటుంది. అమెరికాలో ఈ తనిఖీ ఎక్కువగా రాష్ట్రాల డ్యామ్ సేఫ్టీ విభాగాల పని, కట్టను బాగు చేయించుకునే బాధ్యత మాత్రం యజమానిదే.

కట్ట ఎంత ఎత్తు అన్నదొక్కటే లెక్క కాదు, గండి పడితే నీళ్లు ఎవరి మీదికి వెళ్తాయన్నది అసలు ప్రశ్న. అలుగు చాలక నీళ్లు కట్ట మీదుగా పొర్లితే మట్టి చూస్తుండగానే కోసుకుపోతుంది. ఇంకో ప్రమాదం బయటికి కనిపించదు: చెట్ల వేళ్లు, జంతువుల బొరియలు, తుప్పు పట్టిన తూము గొట్టం వెంబడి నీరు లోపల దారి చేసుకుంటుంది. ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. బురదగా వస్తోందంటే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే, అది నిజంగా టెన్షన్ పడాల్సిన విషయం. కట్ట మీద చెట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, ఇంజనీర్లు వద్దనేది ఇందుకే.

జార్జియాలోని కెల్లీ బార్న్స్ డ్యామ్ ఎత్తు సుమారు 40 అడుగులే. 1957లో అక్కడ కరెంటు ఉత్పత్తి ఆగిపోయాక ఆ చెరువు వినోదానికే మిగిలింది. 1977 నవంబర్ 6న, భారీ వర్షాల తర్వాత, తెల్లవారకముందే కట్ట తెగి 39 మంది చనిపోయారు. ఆ రాష్ట్రం డ్యామ్ భద్రతా చట్టం చేసింది ఆ మరుసటి ఏడాదే.

చాలామంది పొరబడేది డ్యామ్‌లను వర్గీకరించేటప్పుడు వాడే 'హై హజార్డ్' (ఎక్కువ ప్రమాదం) అన్న మాట దగ్గర. కట్ట పాడైందని దాని అర్థం కాదు. తెగితే ప్రాణనష్టం జరిగే చోట ఉందని మాత్రమే. నిన్న కట్టిన గట్టి కట్టకూ ఆ పేరు రావచ్చు. దిగువన కొత్తగా ఇళ్లు లేస్తే, మార్పేమీ లేని పాత కట్ట కూడా ఆ వర్గంలోకి వెళ్తుంది.