సొంత మిర్రర్ పెట్టే ముందు

నల్లగొండ

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

పాలమూరులో మీ కళాశాల సర్వర్లు నలభై ఉన్నాయనీ, అన్నీ ఒకే ప్యాకేజీని (సాఫ్ట్‌వేర్ మూటను) విడివిడిగా బయటినుంచి తెచ్చుకోవడంతో లైన్ నిండిపోతున్నదనీ, అందుకే ఆ సర్వర్లు నడిచే డెబియన్ లినక్స్‌కు మిర్రర్, అంటే దాని ప్యాకేజీల భాండారానికి సొంత నకలు, ఒకటి పెట్టదలిచాననీ నీవు రాసిన ఉత్తరం అందింది. ఆలోచన మంచిదే. అయితే డిస్కులు కొనకముందే నీకు కావలసింది పూర్తి మిర్రరా, అడిగినవాటినే దాచి ఉంచే క్యాషేనా అన్నది తేల్చుకో. లైన్ నిండడం ఒక్కటే బాధ అయితే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే క్యాష్ ప్రోగ్రాము చాలు. అది 3142 పోర్టులో నడుస్తూ, మొదటి సర్వర్ అడిగిన ప్యాకేజీని దాచి ఉంచి, మిగిలిన వాటికి అదే అందిస్తుంది. కానీ ఎవరూ అడగని ప్యాకేజీ దాని దగ్గర ఉండదు. బయటి లైన్ రోజుల తరబడి తెగినా పని ఆగకూడదనుకున్నప్పుడు, లేదా సర్వర్లకు ఇంటర్నెట్ ఇవ్వకూడదన్న నియమం ఉన్నప్పుడు మాత్రమే పూర్తి మిర్రర్ శ్రమకు తగిన ఫలం ఉంటుంది.

పెట్టాలనే నిర్ణయిస్తే, ఆర్కైవ్ (డెబియన్ భాండారం) మొత్తాన్ని తెచ్చుకోవద్దు. అది టెరాబైట్లలో ఉంటుంది, అందులో అధికభాగం మీకు అక్కరలేని ఆర్కిటెక్చర్లది, అంటే వేరే రకం ప్రాసెసర్లది. మిర్రర్ తెచ్చే డెబ్‌మిర్రర్ అనే ప్రోగ్రాముతో బుక్‌వార్మ్ అనే డెబియన్ విడుదల ఒక్కదాన్నీ, మామూలు 64-బిట్ ప్రాసెసర్ల ఏఎండీ64కు మాత్రమే, సోర్సు కోడ్ లేకుండా తీసుకో. ముందుగా డ్రై-రన్ (ఏదీ దించకుండా నడిపే పరీక్ష) చేసి చూస్తే ఎంత దిగుతుందో అదే చెబుతుంది. రేపు తర్వాతి విడుదల ట్రిక్సీకి మారే నెలల్లో రెండు విడుదలలూ పక్కపక్కన ఉండవలసి వస్తుంది కనుక ఆ చోటును ఇప్పుడే లెక్కలో వేసుకో. దీనికి విడి పార్టిషన్ తప్పనిసరి.

బిడ్డా, అన్నిటికన్నా ముఖ్యమైనది తెచ్చే వరుస. నేను ఇక్కడ మొదటిసారి మిర్రర్ పెట్టినప్పుడు, పాతవి చెరిపే ఆప్షన్ కూడా కలిపి అంతా ఒకే ఆర్‌సింక్ (ఫైళ్లను నకలు చేసే ప్రోగ్రాము) ఆదేశంగా రాశాను. ఆర్‌సింక్ అక్షరక్రమంలో నడుస్తుంది కాబట్టి ఇండెక్సులు (ప్యాకేజీల జాబితాలు) ఉండే డిస్ట్స్ ఫోల్డరు ముందు వచ్చింది, ప్యాకేజీలుండే పూల్ వంతు తర్వాత. ఆ రాత్రే రోడ్డు పక్కన తవ్వకంలో కేబుల్ తెగింది. తెల్లవారేసరికి కొత్త ఇండెక్సులు ఇంకా చేరని ప్యాకేజీలను చూపుతుంటే, సర్వర్లన్నీ 404 (ఫైలు దొరకలేదు) అని చెబుతూ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయాయి. తప్పు కేబుల్‌ది కాదు, నేను రాసిన ఆదేశానిది. ముందు ప్యాకేజీలు, అవి పూర్తిగా చేరాక ఇండెక్సులు, అవి మారాక మాత్రమే పాతవాటి తొలగింపు: ఈ వరుసలో నడిస్తే ప్యాకేజీలు దిగుతుండగా లైన్ తెగినా నిన్నటి మిర్రర్ చెక్కుచెదరకుండా నిలుస్తుంది. డెబ్‌మిర్రర్ సహజంగా ఇలాగే నడుస్తుంది. చోటు చాలక ముందే చెరిపే ఆప్షన్ వాడాలన్న ఆలోచన వస్తే, డిస్కు పెంచు గానీ దాన్ని వాడవద్దు.

సంతకాల తనిఖీని ఎన్నడూ ఆపవద్దు. ప్యాకేజీల జాబితాకు డెబియన్ వారి జీపీజీ సంతకం (అసలుదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం) ఉండడం వల్లనే మీ లోపలి నెట్‌వర్కులో మామూలు హెచ్‌టీటీపీతో పంచినా భయం లేదు. ఆ సంతకాన్ని తనిఖీ చేసే కీ దొరకలేదని ఎర్రర్ వచ్చిన రోజున, ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్స్ లైనులో ‘ట్రస్టెడ్’ అని రాసి దాటవేస్తే ఆ రక్షణ మొత్తం పోతుంది. అలాగే భద్రతా సవరణలుండే సెక్యూరిటీ విభాగపు రిలీజ్ ఫైలుకు (ఆ సంతకం ఉండే ఫైలుకు) వారం రోజుల గడువు ఉంటుంది. గడువు తీరిందని సర్వర్లు మొరాయిస్తే, సింక్ (మిర్రర్‌ను తాజా చేసే పని) ఆగిపోయి వారం దాటిందని అర్థం. చాలామంది ఆ తనిఖీనే మూసివేస్తారు, నాకది ఎంతో బాధ కలిగిస్తుంది. ఆగిన సింక్‌ను వెతికి సరిచెయ్యి.

ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్‌తో మిర్రర్‌ను పంచడం నీకు చెప్పనక్కరలేదు. ఆర్కైవ్ రోజుకు నాలుగుసార్లు మారుతుంది కానీ మీకు రాత్రి ఒకసారి చాలు, సెక్యూరిటీ విభాగాన్ని మాత్రం పగలు కూడా తెచ్చుకో. ముందు ఒక్క సర్వర్‌ను, అదీ విద్యార్థుల ఫలితాలు లేనిదాన్ని, దీనివైపు తిప్పి రెండు వారాలు చూడు. ఆ రెండు వారాల్లో ఒక రాత్రి సింక్ నడుస్తుండగా నీ చేతితోనే కేబుల్ పీకి, ఉదయం ఆ సర్వర్ ఏమన్నదో నాకు రాయి.

మీ పెద్దనాన్న