నల్లబండల ఇంట్లో వాకరుతో నడక

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మగారికి 76 ఏళ్లు. మోకాళ్ల నొప్పులవల్ల వాకరుతో నడుస్తున్నారు. ఇల్లు పాతది, రాతి గోడలు, నేలంతా పాలిష్ పట్టిన కడప నల్లబండలు, వీధి అరుగు అడుగున్నర ఎత్తు, స్నానాల గది పెరట్లో. అమ్మను మేడమీది కొత్త గదికి మార్చి, అరుగుకు ర్యాంపు కట్టించాలనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: మేడ గది ఆలోచన మానుకోండి. మెట్ల సంగతి అటుంచినా, మన ఎండలకు కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయినా చల్లారదు. వయసు పైబడ్డవారికి దాహం సరిగా తెలియదు కనుక ఆ వేడి వారికి మరింత ప్రమాదం. కింద వీధి గదిలోనే మంచం వేయిస్తే వచ్చేపోయేవారితో మాటామంతీ కూడా ఉంటుంది.

ర్యాంపుకు అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు కావాలి. అంటే మీ అరుగుకు 18 అడుగులు. అది వీధిలోకి వచ్చేస్తుంది. పొడవు తగ్గించి నిటారుగా కట్టిస్తే మెట్లకంటే అదే ప్రమాదం. దానికి బదులు ఐదారు అంగుళాల ఎత్తుకు మించకుండా, వాకరు నాలుగు కాళ్లూ ఆనేంత వెడల్పు మెట్లు, రెండు వైపులా కడ్డీలు పెట్టించండి. నల్లరాతి మీద మెట్టు అంచు ముసలి కళ్లకు ఆనదు కాబట్టి అంచు పొడవునా పసుపు రంగు పట్టీ వేయించండి.

డబ్బు ముందుగా ఖర్చు పెట్టవలసింది మాత్రం స్నానాల గది మీద. పాలిష్ బండ మీద సబ్బునీళ్లు పడితే వయసులో ఉన్నవారికే కాలు నిలవదు. అక్కడి బండలను ఉలితో గరుకు చేయించండి, లేదా పాలిష్ పట్టనివి పరిపించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయటినుంచీ తీయడానికి వీలుండాలి. లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమైతే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు. కమోడ్ సీటు నేలనుంచి సుమారు 18 అంగుళాలు ఉంటే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువును ఆపలేదు, అది అలంకారమే. మీ గోడల రాళ్లు మట్టితో పేర్చినవైతే మేకులు నిలవవు. అప్పుడు పట్టుకుని లేచే కడ్డీని నేలలో కాంక్రీటు పోసి నిలిపిన స్టీలు స్తంభానికి బిగించాలి.

రాత్రిపూట మంచం నుంచి పెరటి వరకు దీపం వెలుగుతూ ఉండాలి, కరెంటు పోయినా ఆరకూడదు.

పని మొదలుపెట్టే రోజున మేస్త్రీ కొలతలు గీసేముందు అమ్మగారినే అక్కడ నిలబెట్టి, ఆమె చేయి ఎక్కడ ఆనుతుందో అక్కడే కడ్డీకి గుర్తు పెట్టించండి.