కార్డ్‌లెస్ డ్రిల్ కొనాలి: బాష్, మకిటా, డీవాల్ట్, లేకపోతే బజార్లో దొరికే 48 వోల్టుల సెట్టా?

ప్రొద్దుటూరులో వార్డ్‌రోబ్‌లు, మాడ్యులర్ కిచెన్ పని సొంతంగా మొదలుపెడుతున్నానన్నారు. ఏ కంపెనీ డ్రిల్ కొనాలి, ఏ బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, "48 వోల్టులు" అని రాసి అమ్మే చవక సెట్టు పనికొస్తుందా అని అడిగారు. నేను అనంతపురంలో ఇదే పని చేయిస్తుంటాను. మనుషుల్ని పెట్టుకున్నా తలుపుల కబ్జాలు (హింజెస్) మాత్రం ఇప్పటికీ నేనే బిగిస్తాను. అందుకని మిషన్లు, బ్యాటరీలు రోజూ చేతిలో ఉండేవే.

ముందు ఆ 48 సంగతి తేల్చేద్దాం. ఈ బ్యాటరీ ప్యాకుల్లో చాలావాటి లోపల ఉండేవి 18650 అనే సెల్స్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కో సెల్ 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4.2. ఐదు సెల్స్ వరుసగా కలిపితే 18, నిండుగా ఉన్నప్పుడు 21. అంటే 18 అన్నా, 20 మ్యాక్స్ అన్నా, 21 అన్నా సరుకు ఒకటే. డీవాల్ట్ వాళ్లు ఒకే రకం ప్యాక్‌ను అమెరికాలో 20 అని, యూరప్‌లో 18 అని అమ్ముతారు. ఇక చవక సెట్ల మీద 48, 88, 128 అంకెల పక్కన "వీఎఫ్" అని చిన్న అక్షరాలు ఉంటాయి చూడండి, అది వోల్టేజ్ కానే కాదు. షాపతను "అన్నా, 48 వోల్టులు, గోడ పగిలిపోతుంది" అంటాడు. మల్టీమీటర్ పెట్టి చూస్తే నా దగ్గరికి వచ్చిన ప్యాక్ ఏదీ 21 దాటలేదు.

ప్యాక్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే ఆంపియర్ అవర్ (ఏహెచ్) అంకెల్లోనూ ఇదే తంతు. నిజమైన 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో ఈ సైజు సెల్స్ పది ఉండాలి. ఒక్కో సెల్ సుమారు 45 గ్రాములు, అంటే సెల్స్ బరువే 450 గ్రాములు. ప్లాస్టిక్, సర్క్యూట్ కలిపి 600 గ్రాములు దాటాలి. "5 ఏహెచ్" అని రాసున్న ప్యాక్ తీసుకెళ్లి పక్కన కిరాణా కొట్లో తక్కెడ మీద పెట్టండి. 400 గ్రాములు కూడా రాకపోతే లోపల ఐదు సెల్సే ఉన్నట్టు. మకిటా ప్యాక్ ఆకారంలోనే, అదే మిషన్‌కు పట్టేలా తయారైన నకళ్లు బజార్లో బోలెడు, వాటిని ఈ తూకంతోనే చాలావరకు పట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మీరు కొనేది డ్రిల్ కాదు, బ్యాటరీ కుటుంబం. ఈరోజు డ్రిల్, రేపు ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బ కొడుతూ స్క్రూలు బిగించేది), ఎల్లుండి జిగ్‌సా (వంపులు కోసే రంపం), అన్నీ అదే బ్యాటరీ మీద నడవాలి. రెండో మిషన్ నుంచి బ్యాటరీ లేకుండా ఒట్టి బాడీ కొనుక్కుంటే డబ్బు మిగులుతుంది. బాష్‌లో దాన్ని సోలో అంటారు, మకిటాలో మోడల్ చివర జెడ్ ఉంటుంది, డీవాల్ట్‌లో ఎన్. మొదటిసారి మాత్రం రెండు బ్యాటరీలు, ఛార్జర్ ఉన్న కిట్టే కొనండి, విడివిడిగా కొంటే తడిసి మోపెడవుతుంది.

ఒకే కంపెనీ అయినంత మాత్రాన బ్యాటరీలు ఒకదానికొకటి పడతాయని అనుకోకండి. మకిటాలో హెచ్‌పీ 457 అనే 18 వోల్టుల డ్రిల్ ఉంది, ధర తక్కువని చాలామంది తీసుకుంటారు. దాని బ్యాటరీ జీ సిరీస్, అది ఎల్‌ఎక్స్‌టీ మిషన్లకు పట్టదు. మకిటా పెద్ద కుటుంబం ఎల్‌ఎక్స్‌టీయే, 2005 నుంచి వస్తోంది. మన దగ్గర ఆ మిషన్ల పేర్లు మామూలుగా డీ అక్షరంతో మొదలవుతాయి, డీహెచ్‌పీ, డీటీడీ అని. వాళ్ల 40 వోల్టుల ఎక్స్‌జీటీ మళ్లీ వేరే కుటుంబం, మన చెక్కపనికి అంత అక్కర్లేదు. బాష్‌లోనూ అంతే. నీలం రంగు ప్రొఫెషనల్ బ్యాటరీ వేరు, ఆకుపచ్చ రంగు ఇంటివాడకం బ్యాటరీ వేరు. ఆన్‌లైన్‌లో ఆకుపచ్చది ఆఫర్‌లో కనిపిస్తే తొందరపడకండి.

బ్రాండ్ల గొడవ కంటే మన రాయలసీమలో ఎక్కువ పట్టించుకోవాల్సింది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కడప, కర్నూలు మూడు చోట్లా 42, 43 డిగ్రీలు మామూలే. మకిటా పుస్తకంలో ఛార్జింగ్ 10 నుంచి 40 డిగ్రీల మధ్యనే చేయమని, 50 డిగ్రీలు దాటే చోట బ్యాటరీ ఉంచొద్దని రాసి ఉంటుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఛార్జింగ్ పెడితే ఏమవుతుందో చూడండి: వాళ్ల ఫాస్ట్ ఛార్జర్‌లో ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంటుంది, ఛార్జ్ ఎక్కదు. చాలామంది ఛార్జర్ పోయిందనుకుంటారు. పోలేదు, ప్యాక్ చల్లబడేదాకా ఆగుతోంది అంతే. ఎరుపు, ఆకుపచ్చ మార్చి మార్చి వెలిగితే అప్పుడు కంగారు పడాలి, ఆ ప్యాక్‌ను ఛార్జర్ ఇక తీసుకోనంటున్నట్టు.

పేరున్న కంపెనీల ప్యాకుల్లో వేడిని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక చవక సెట్టు తెచ్చుకున్నాడు, కంపెనీ పేరు అనవసరం. దాని ఛార్జర్ మొబైల్ ఛార్జర్ లాంటి చిన్న డబ్బా, వేడి గిడి ఏమీ చూడదు, పెట్టినంతసేపూ ఎక్కిస్తూనే ఉంటుంది. ఒక వేసవి గడిచేసరికి ఆ ప్యాక్ నాలుగు స్క్రూలకే నీరసించింది. విప్పి చూస్తే ఐదింటిలో రెండు సెల్స్ 2 వోల్టుల కిందికి పడిపోయి ఉన్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి. ఒక సెల్ కుంటితే ప్యాక్ మొత్తం కుంటుతుంది.

అందుకని మా దగ్గర ఛార్జింగ్ పొద్దున్నే, లేదా రాత్రి. పని కాగానే వేడి ప్యాక్‌ను నేరుగా ఛార్జర్‌లో పెట్టం, కాసేపు నీడలో ఉంచుతాం. బండి మీద కట్టిన ఇనుప పెట్టెలో బ్యాటరీలు వదిలేయొద్దు. మీటర్ రాని కొత్త ఇళ్లలో జనరేటర్ మీద ఛార్జింగ్ పెడుతుంటారు, మకిటా వాళ్లు అదీ వద్దనే రాశారు. ఇంట్లో నింపుకుని రెండు ప్యాకులు వెంట తీసుకెళ్లడమే సుఖం.

ఇక ఏది కొనాలి? మీ పని ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) అయితే నా ఓటు మొదట 12 వోల్టుల బాష్ జీఎస్‌బీ 120కే. మూడు సెల్స్ ప్యాక్, కిలో చిల్లర బరువు. పైఅరల్లో చేతులెత్తి కబ్జాలు బిగించేటప్పుడు ఆ తేలిక విలువ సాయంత్రానికి భుజమే చెబుతుంది. 35 మిల్లీమీటర్ల కప్పు బిట్టుతో తలుపుకు గుంత తీయడానికి దీని బలం చాలు. స్పీడు తక్కువ గేరులో పెట్టి, మధ్యలో పొట్టు దులుపుతూ పోవాలి. స్క్రూలకు క్లచ్ రింగు (ఎంత బిగువు దగ్గర ఆగాలో పెట్టే అంకెల రింగు) ఐదారు మీద ఉంచండి, లేకపోతే ఎండీఎఫ్‌లో మర పోతుంది.

పని పెరిగాక 18 వోల్టుల్లోకి వెళ్లొచ్చు. అక్కడ బాష్ నీలం, మకిటా ఎల్‌ఎక్స్‌టీ రెండింటిలో ఏదైనా ఫరవాలేదు. మకిటాలో మిషన్ల రకాలు ఎక్కువ, బాష్ సామాను మా ఊళ్లో తేలిగ్గా దొరుకుతుంది. డీవాల్ట్ పనితనంలో వంక పెట్టలేను, కానీ నాకు విడి బ్యాటరీ కావాల్సినప్పుడల్లా బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. మీకు కడపలో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో కనుక్కుని, దాన్నిబట్టే తేల్చుకోండి. ఇంగ్‌కో, టోటల్ లాంటివి 20 వోల్టుల్లో చవకగా వస్తాయి, అప్పుడప్పుడు వాడేవాళ్లకు చెడ్డవేమీ కావు. కాకపోతే మూడేళ్ల తర్వాత అదే ప్యాక్ దొరుకుతుందా అని అమ్మేవాణ్ణి నిలదీసి అడగండి.

రాతి గోడలకు, కాంక్రీటుకు మాత్రం కార్డ్‌లెస్ డ్రిల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మన పాత ఇళ్ల గోడల్లో రాయి తగిలితే డ్రిల్ హ్యామర్ మోడ్ మొరుగుతుంది తప్ప దిగదు. వైరున్న రోటరీ హ్యామర్ (గట్టిగా దెబ్బ కొడుతూ గోడ తొలిచే మిషన్) ఒకటి ఉంచుకోండి, బాష్ జీబీహెచ్ 2-26 దెబ్బ బలం 2.7 జౌళ్లు. కడప బండ కోయడానికీ వైరున్న కట్టరే మేలు. లెక్క చూడండి: 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అంటే 90 వాట్ అవర్లు. కోసే మిషన్ 600 వాట్లు లాగితే తొమ్మిది నిమిషాల్లో ప్యాక్ ఖాళీ.

బ్యాటరీ పోయాక రీప్యాక్ చేయించొచ్చా అని కూడా అడుగుతుంటారు. చేయించొచ్చు, కానీ పవర్‌బ్యాంక్, లాప్‌టాప్ సెల్స్ వేస్తే డ్రిల్ లాగే కరెంటుకు తట్టుకోవు. 20 ఆంపియర్లు ఇచ్చే రకం వేయమని, టంకం కాకుండా స్పాట్ వెల్డింగ్ చేయమని ముందే చెప్పండి. ఒక బ్రాండ్ బ్యాటరీని ఇంకో బ్రాండ్ మిషన్‌కు తగిలించే అడాప్టర్ల జోలికి నేనైతే పోను. బ్యాటరీ అయిపోగానే ఆపే సర్క్యూట్ కొన్ని కంపెనీల్లో ప్యాక్‌లో ఉంటుంది, కొన్నింటిలో మిషన్‌లో ఉంటుంది. అడాప్టర్ పెడితే ఒక్కోసారి ఆ రెండూ లేకుండా పోతాయి, ప్యాక్ పీల్చుకుపోయి చస్తుంది.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద బ్యాటరీల సీరియల్ నంబర్లు కూడా రాయించండి. మిషన్‌కు, బ్యాటరీకి వారంటీ గడువులు వేరుగా ఉంటే ఆ ముక్క కూడా అక్కడే అడిగేయండి.