జొన్న నూడుల్స్ ఎందుకు విరుగుతాయి?

ప్రశ్న: మైదాకు బదులు జొన్నపిండి, శనగపిండి కలిపి ఇంట్లో నూడుల్స్ చేస్తున్నాను. మరిగే నీళ్లలో వేయగానే పోగులు ముక్కలైపోయి, నీళ్లు గంజిలా చిక్కబడుతున్నాయి. మైదా కలపక తప్పదా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పదని లేదు. గోధుమపిండిని తడిపి మర్దించినప్పుడు దానిలోని గ్లూటెనిన్, గ్లయడిన్ అనే మాంసకృత్తులు పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది. పోగును మరిగే నీటిలో సైతం పట్టి ఉంచేది ఆ వలే. జొన్నల్లోనూ శనగల్లోనూ గ్లూటెన్ ఉండదు కాబట్టి ఎంతసేపు పిసికినా ఆ సాగుడు రాదు, ఆ పట్టును స్టార్చ్ నుంచే రాబట్టుకోవాలి.

జొన్నపిండిలో మూడో వంతు విడిగా తీసి, సలసల మరిగే నీరు పోస్తూ గరిటెతో కలియబెట్టండి. కొద్దిసేపటికి పిండి పొడితనం పోయి, నిగనిగలాడుతూ గరిటెకు అంటుకుంటుంది; స్టార్చ్ నీరు పీల్చి ఉబ్బి జిగురుగా మారిందనడానికి అదే గుర్తు. గోరువెచ్చగా ఉండగా మిగిలిన పిండిని అందులో కలిపి ముద్ద చేయండి. ఒత్తిన పోగులను నేరుగా నీళ్లలో వేయకుండా, ముందు ఆవిరిపై ఉడికించి పూర్తిగా చల్లారనివ్వాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. చల్లారేటప్పుడు స్టార్చ్‌లోని అమైలోజ్ అణువులు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి; పెసర స్టార్చ్‌తో చేసే గాజులాంటి నూడుల్స్ గ్లూటెన్ లేకుండానే నిలబడడానికి వాటిలో అమైలోజ్ ఎక్కువగా ఉండడమే ముఖ్య కారణం.

మాంసకృత్తుల్లో భాగమైన అమైనో ఆమ్లాల్లో, ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో పుష్కలంగా, పప్పుల్లో కొరవడే మెథియోనిన్ ధాన్యాల్లో తగినంతగా ఉంటాయి కనుక శనగపిండి కలపడం మంచి ఆలోచనే. అయితే నాలుగో వంతు దాటకుండా, దోరగా వేయించి కలిపితే పచ్చివాసన బాధ ఉండదని నా అభిప్రాయం.

ప్రశ్న: పొట్లంపై ‘చిరుధాన్యాల నూడుల్స్’ అని రాసి ఉంటే నమ్మి కొనవచ్చా? – మరో పాఠకుడు

జవాబు: ముందు వైపు పెద్ద అక్షరాల కంటే వెనుక ఉన్న చిన్న అక్షరాలు నమ్మదగినవి. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి, మైదా మొదట, రాగి ఎక్కడో చివర కనిపిస్తే అది పేరుకే రాగి నూడుల్స్. పిండి మంచిదైనా ఆరబెట్టిన పద్ధతి చూడాలి. 1958లో జపాన్‌లో మొమొఫుకు అందో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను మార్కెట్లోకి తెచ్చిననాటి నుంచి నూనెలో వేయించి తేమ పోగొట్టడం వాడుకలో ఉంది. అలా వేయించిన నూడుల్స్ బరువులో సుమారు 15 నుంచి 20 శాతం నూనే ఉంటుంది. వేడిగాలితో ఆరబెట్టినవాటిలో నూనె చాలా తక్కువ, కాకపోతే ఉడకడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది.

ఇక ఉప్పులో అధిక భాగం ఉండేది మసాలా పొట్లంలోనే. పెద్దలు రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఏ పిండితో చేసిన నూడుల్స్ అయినా మసాలా సగమే వేసి, మిగతా రుచిని ఉల్లి, మిరియాలు, నిమ్మరసంతో సరిపెట్టుకోండి.