రిపోర్టులన్నీ నార్మల్, నాన్న మాత్రం మంచం దిగడం లేదు. ఇది డిప్రెషనేనా?

మీ నాన్నగారికి యాభై దాటాయి, నిద్ర లేదు, ఒళ్ళంతా నొప్పులు, ఈసీజీ బాగానే ఉంది, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామంటే "నాకేమన్నా పిచ్చా" అంటున్నారని రాశారు. ఇక్కడ కూర్చుని జబ్బు పేరు నేను చెప్పలేను. కానీ కళ్యాణదుర్గం పక్క పల్లెలో ఉండే మా చిన్నాన్నకు ఇలాగే మొదలైంది కాబట్టి చూపించడం ఆలస్యం చేయొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

చిన్నాన్న ఒక్కసారి కూడా దిగులుగా ఉందనలేదు. గుండెల్లో బరువు, కడుపులో మంట, తల దిమ్ము అనేవాడు. గ్యాస్ మాత్రలు మింగాడు. గాలి సోకిందేమోనని చిన్నమ్మ తాయెత్తు కట్టించింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, సంగటి ముందు పెడితే రెండు ముద్దలకే చేయి కడుక్కోవడం, చెప్పిన మాట గంటకే మరిచిపోవడం. వేరుశనగ పోయింది, అప్పులున్నాయి, ఆ మాత్రం బాధ ఉండదా అన్నారు ఊళ్ళో. మరుసటి ఏడు కాయ బాగా దిగింది. ఆయన కుప్ప దగ్గరికి కూడా పోలేదు. బాధైతే మంచి కబురు వింటే కాసేపైనా తేలికపడుతుంది. ఆయనకు ఏ కబురూ అంటలేదు.

అనంతపురం పెద్దాసుపత్రి మానసిక విభాగంలో డాక్టర్ చాలాసేపు మాట్లాడారు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, దానికితోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతింటే డిప్రెషన్‌గా చూస్తారట. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలూ రాశారు, ఎందుకంటే థైరాయిడ్, బి12, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసపడతాడు. తాగుడు అలవాటు గురించీ అడిగారు. గతంలో ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా విపరీతమైన హుషారుగా తిరిగి, ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెట్టిన రోజులున్నాయా అన్నది చిన్నమ్మను మళ్ళీ మళ్ళీ అడిగారు. అలా ఉంటే అది బైపోలార్, అంటే కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు మితిమీరిన హుషారు వచ్చే జబ్బు కావచ్చు, దానికి ఒట్టి డిప్రెషన్ మాత్రలిస్తే ఎదురు తిరిగి ఆ హుషారు ఎక్కువ కావొచ్చు. అందుకే తెలిసినవాళ్ళ చీటీ చూసి మెడికల్ షాపులో మాత్రలు కొనకండి.

మాత్రలు అలవాటైపోతాయేమోనని అడిగారు. డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చేవి మత్తుమందులు కావు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు. బాగైపోయిందని హఠాత్తుగా మానేస్తే మాత్రం ఇబ్బంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. మాత్రలతోపాటు కౌన్సెలింగ్ కూడా బాగా ఉపయోగపడుతుంది.

ఇంకొకటి, దీన్ని దాటవేయకండి. "బతకాలని లేదా నాన్నా, చనిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపలున్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. పొలం మందులు ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి. చనిపోవాలనిపిస్తోందని ఆయన అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

"పిచ్చి" మాటకు ఆయన భయపడితే వాదించకండి. "నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూసే డాక్టరే" అనండి, అది అబద్ధం కూడా కాదు. చిన్నాన్న ఆ మాటకే బస్సెక్కాడు. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న బీపీ, షుగర్ మాత్రల చీటీలు పట్టుకెళ్ళండి. ఇంట్లో ఆయనతో ఎక్కువసేపు గడిపే మనిషి కూడా వెళ్తే మంచిది, డాక్టర్ అడిగేవాటికి సగం జవాబులు వాళ్ళ దగ్గరే ఉంటాయి.