వైరు పెట్టినా 94 దగ్గరే ఆగిపోతుంటే

సందేహం: ఉద్యోగరీత్యా ఈ మధ్యే ఒడిశాలోని బరంపురంలో అద్దెకు దిగాం. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ తీసుకున్నాం. వైఫై అందట్లేదని హాల్లోంచి వెనక గదికి లాన్ కేబుల్ లాగించాం. అయినా స్పీడు 94 దాటట్లేదు. లైన్‌మన్ వచ్చి చూసి, తమ వైపు అంతా బాగానే ఉందంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆంధ్ర సరిహద్దు ఇచ్ఛాపురం అవతల కాపురం పెట్టిన మనమూ ఓ రకం ఎన్నారైలమే. లైన్‌మన్ మాట నిజమే అయ్యుండొచ్చు. 94 ఊరికే వచ్చే అంకె కాదు. 100 మెగాబిట్ల లింకు (రెండు పరికరాల మధ్య వైరు బంధం) మీద, డేటా ప్యాకెట్లకి తగిలించే చిరునామా చీటీల (హెడర్ల) ఖర్చు పోగా చేతికి మిగిలేది అంతే. గిగాబిట్ (1000 మెగాబిట్ల) లింకైతే ఇదే లెక్కన 940 దాకా వస్తుంది. స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు కొట్టినా 93, 95 మధ్య కదలకుండా నిలబడుతోందంటే ఫైబర్‌ని వదిలేయండి. మీ ఇంట్లోనే ఏదో ఒక ముక్క 100 దగ్గర ఆగిపోయింది. ఓసారి 130, ఇంకోసారి 35 అంటూ ఊగుతుంటే మాత్రం అది వేరే జబ్బు.

ముందు లింకు ఎంతలో ఉందో చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ అని వెళ్తే ‘లింక్ స్పీడ్’ అనే వరుస ఉంటుంది. అక్కడ 100/100 అని ఉంటే తప్పు మీ కంప్యూటర్‌కీ దాని తర్వాతి డబ్బాకీ మధ్యే. 1000/1000 అని ఉన్నా 94 వస్తోందంటే ఆ డబ్బాకి అవతల వెతకాలి. మధ్యలో స్విచ్ (ఒక వైరుని చాలా పోర్టులకి పంచే డబ్బా) ఉంటే ఈ తేడా చాలామందికి తట్టదు.

తర్వాత మీటరు పొడవున్న రెడీమేడ్ ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా జాక్ ఉన్న పొట్టి లాన్ కేబుల్) ఒకటి తెచ్చి, ల్యాప్‌టాప్‌ని నేరుగా ఫైబర్ వచ్చి చేరే డబ్బాకే తగిలించండి. చవక డబ్బాల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి ఉంటాయి. సాధారణంగా మొదటిది గిగాబిట్. పక్కన ‘జీఈ’ అని ఉంటే గిగాబిట్, ‘ఎఫ్‌ఈ’ అని ఉంటే 100. బిగించినవాళ్లు చేతికి అందిన పోర్టులో గుచ్చేసి పోతారు. వైరు 100 పోర్టులోంచి తీసి గిగాబిట్ పోర్టులో పెడితే చాలా ఇళ్లలో గొడవ పైసా ఖర్చు లేకుండా తీరిపోతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న పాత 300 ఎంబీపీఎస్ వైఫై రౌటర్ మధ్యలో ఉందా? ఆ 300 వైఫైకి రాసిన అంకె. వెనక పోర్టులు చాలావాటికి 100వే. స్విచ్‌లదీ అదే కథ. టీపీ లింక్‌లో ఎల్‌ఎస్1005 వందది, చివర జీ ఉన్న ఎల్‌ఎస్1005జీ గిగాబిట్. ఆ ఒక్క అక్షరం చూసుకుని కొనండి.

మధ్యలో 100 రౌటర్, స్విచ్ లేకపోయినా డబ్బా దగ్గర 200 వచ్చి గదిలో 94 వస్తే దోషం కేబుల్‌దే. లాన్ కేబుల్లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. 100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. అందుకే 4, 5, 7, 8లో ఒక్కటి తెగినా నెట్ ఆగదు, మెల్లగా 100కి దిగిపోతుంది. కొందరు పనివాళ్లు డబ్బు ఆదా అని ఒకే కేబుల్లో నాలుగు తీగలు నెట్‌కీ, నాలుగు కెమెరాకీ పంచేస్తారు. అలా పంచారేమో అడగండి. పంచి ఉంటే రెండో కేబుల్ లాగాల్సిందే.

జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేయిస్తే (నొక్కి బిగించడం) తీగల వరుస ఇలా ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే. జతల మెలిక అరంగుళానికి మించి విప్పకూడదు. పై తొడుగు జాక్ లోపలిదాకా వెళ్లి బిగుసుకోవాలి. ఇక్కడ ఓ కిటుకుంది. రంగులన్నీ జతజతగా, నారింజ తర్వాత ఆకుపచ్చ జత, తర్వాత నీలం జత అని పేర్చేసినా టెస్టర్లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నులు రెండు వేర్వేరు జతల్లో పడి సిగ్నల్ ఒకదాంట్లోకి ఒకటి కారుతుంది. లైట్లు చూపించి ‘ఓకే’ అంటే నమ్మకండి, రంగులు మీ కళ్లతో చూడండి.

కొత్తగా కొనేటప్పుడు ఒక తీగని బ్లేడుతో గీకి చూడండి. రాగి పూత కింద తెల్లగా మెరిస్తే లోపల అల్యూమినియం. దానికి నిరోధం ఎక్కువ, పదేపదే వంచితే జాక్ దగ్గరే విరిగిపోతుంది. పూర్తి రాగి క్యాట్ 5ఈ అయినా గిగాబిట్‌కి 100 మీటర్ల దాకా సరిపోతుంది. ఇంటికి అంతకు మించి అక్కర్లేదు. కరెంటు వైర్లున్న పైపులోంచే దీన్నీ లాగనివ్వకండి.

స్పీడు ఊగుతోందనుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్ చిరునామాకి, మామూలుగా 192.168.1.1, పింగ్ కొట్టండి (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష). వైరు మీద ఒక మిల్లీసెకను దాటకూడదు. అక్కడే టైమవుట్లు వస్తుంటే మీ వైరింగే. అది శుభ్రంగా ఉండి 8.8.8.8కి (గూగుల్ సర్వర్) కొడితే తడబడుతుంటే బయటి లైను. రాత్రి ఎనిమిది, పదకొండు మధ్యే నెమ్మదిస్తే ఆపరేటర్ దగ్గర రద్దీ. నెలాఖరులో కుప్పకూలితే ప్లాన్‌లోని డేటా పరిమితి. ఈ రెండింటికీ మీరెన్ని కేబుళ్లు మార్చినా లాభం లేదు. బయటి లైను మీద అనుమానముంటే లైన్‌మన్‌ని ఒడియాలో ‘పవర్ కేతే అఛి?’ (ఫైబర్లో వెలుతురు బలం ఎంత ఉంది?) అని అడిగి మీటరు పెట్టించండి. మైనస్ 15, మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరకి జారితే స్ప్లైస్ (ఫైబర్ అతుకు) అయినా చెడింది, బీరువా వెనక ఫైబర్ అయినా నలిగింది.

గంజాం, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో ఉండేవాళ్లకి ఇంకో మాట. వేసవి ఈదురుగాలుల్లో పిడుగులు ఎక్కువ. మేడ మీదుగా పక్క వాటాకి లాగిన రాగి లాన్ కేబుల్ వాటిని పిలిచి తెచ్చుకున్నట్టే. పోర్టు పూర్తిగా మాడకపోయినా దెబ్బతిని 100కో 10కో దిగుతుంది. వేరే పోర్టులో గుచ్చి చూస్తే తేలిపోతుంది. మబ్బులు కమ్ముతుండగానే, ఉరుములు మొదలవకముందే కరెంటు ప్లగ్గుతో పాటు లాన్ వైరూ పీకేయండి. రెండు భవనాల మధ్య కావాలంటే ఫైబర్ ముక్కా, రెండు మీడియా కన్వర్టర్లూ (ఫైబర్‌ని లాన్ కేబుల్‌కి కలిపే డబ్బాలు) పెట్టించుకోండి.

ఇవన్నీ చూశాక కూడా డబ్బా దగ్గరే, వైరు మీదే స్పీడు తక్కువుంటే అప్పుడు ఫిర్యాదు చేయండి. ‘నెట్ స్లో’ అనకుండా ‘ఫైబర్ డబ్బాకి నేరుగా, గిగాబిట్ లింకు మీద ఇంతే వస్తోంది’ అని చెప్పి, టెస్ట్ చేసిన సమయాలు ఇవ్వండి. డాకెట్ (ఫిర్యాదు) నంబరు తప్పక రాసుకోండి. పెద్ద కంపెనీ కనెక్షన్ అయితే తర్వాత వాళ్ల అప్పీలు అధికారికి రాసేటప్పుడు అడిగేది ఆ నంబరే.