మొదటి రైఫిల్ కొనబోయే తమ్ముడికి

టెక్సాస్‌లో రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న మన ఉదయగిరి వైపు తమ్ముడొకరు, ఆఫీసు మిత్రులతో అడవిపందుల వేటకు వెళ్ళాలనుందనీ, బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళలో గురికీ, గట్టిదనానికీ, పెట్టే డబ్బుకీ ఏ కంపెనీది మేలో చెప్పమనీ అడిగారు. వేరుశనగ చేలో రాత్రంతా డబ్బా వాయిస్తూ పందులను తోలిన ఇంటివారికి ఈ కోరిక ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి అనుమతి లేకుండా పందిమీద చెయ్యి వెయ్యకూడదు. ఇక్కడ టెక్సాస్‌లోనైతే, 2019 సెప్టెంబరు నుంచి, భూయజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో అడవిపందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కరలేదు.

మనవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఆ మాట దగ్గరే. హెచ్ వన్ బీ, ఎఫ్ వన్ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ నిషేధానికి ఉన్న మినహాయింపులలో మనకు పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అంటే పందికి లైసెన్సు వద్దని రాష్ట్రం చెప్పినా, మీ చేతిలో తుపాకీ ఉండడానికి ఆ లైసెన్సే ఆధారం. దుకాణంలో నింపే 4473 ఫారంలో వీసా సంగతి దాచిపెట్టినా, గ్రీన్‌కార్డున్న స్నేహితుడి పేరుతో మీకోసం కొనిపించినా నేరమే. అటువంటి కేసు మీద దేశంనుంచి పంపించివేయడానికీ అవకాశం ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక అరగంట, ఆ తర్వాతే దుకాణం.

ఇక గట్టిదనం. బోల్ట్ అంటే మన తలుపు గడియ వంటిదే: ముందుకు తోసి, కిందికి తిప్పితే దాని కొసన ఉన్న చెవులు గాడిలో పడి తూటాను లోపల బిగిస్తాయి. నేటి వేట రైఫిళ్ళలో చాలావాటికి మూలం 1898 నాటి జర్మన్ మౌజర్ రైఫిల్. మీకు సరిపోయే .308 తూటాకు నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. పేరున్న కంపెనీలన్నీ ఆ తూటాకు తయారుచేసే రైఫిళ్ళను దానికి తట్టుకునేలాగే కడతాయి. వెదర్‌బీ కంపెనీ మార్క్ ఫైవ్ రైఫిల్‌కు తొమ్మిది చెవులున్నాయన్నది నిజమే గానీ, అది వాళ్ళ భారీ మాగ్నమ్ తూటాలను దృష్టిలో పెట్టుకుని చేసినది. పంది వేటకు అది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం. 1936లో వచ్చిన వించెస్టర్ 70లో తూటా అంచును గోరులా పట్టుకుని లాగే పొడవాటి పట్టీ ఉండేది. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని తీసేస్తే కొనేవాళ్ళు ఊరుకోలేదు, తర్వాత మళ్ళీ తెచ్చారు. పులులూ ఏనుగులూ తిరిగేచోట ఆ పట్టీకి విలువ ఉంది. మీకు అంత అవసరం లేదు.

గురి విషయంలో మాత్రం కాస్త ఆగి చూడాలి. వంద గజాల దూరంలో మూడు గుళ్ళు ఒక అంగుళంలో పడితే మంచి రైఫిల్ అంటారు. ఒకప్పుడు దీనికి చాలా సొమ్ము పొయ్యవలసి వచ్చేది. 1958లో వచ్చిన సావేజ్ 110లో బ్యారెల్‌ను, అంటే తుపాకీ గొట్టాన్ని, ఒక పెద్ద నట్టుతో బిగిస్తారు. తూటా కూర్చునే కొలతను ఆ నట్టుతోనే చక్కగా సరిచేయవచ్చు కాబట్టి తక్కువ ఖర్చులోనే గురి కుదురుతుంది. చూడడానికి మొరటు, పనిలో దిట్ట. ఫిన్లండ్‌లోని సాకో కర్మాగారంలో తయారయ్యే టిక్కా బోల్ట్ మాత్రం వెన్న రాసినట్టు జారుతుంది. జపాన్ హోవా 1500ను, వెదర్‌బీ వాన్‌గార్డ్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. వాన్‌గార్డ్‌ను చేసేదీ హోవానే కనుక, పేరుకు ఎంత ఇస్తున్నారో తెలిసిపోతుంది. పాత రెమింగ్టన్ 700 చవకగా దొరికితే సీరియల్ నంబరు సరిచూసుకోండి: 2006 నుంచి 2014 దాకా చేసిన కొన్నిటి ట్రిగ్గర్లను కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది.

నా మొదటి రైఫిల్ ఒక గొప్ప పేరున్న కంపెనీది. బ్యారెల్ కిందనుంచి భుజందాకా ఉండే దాని స్టాక్ నిగనిగలాడే వాల్‌నట్ కర్రది. శీతాకాలంలో అంగుళంలో పడిన గుళ్ళు, హ్యూస్టన్ ఉక్కపోత మొదలుకాగానే మూడంగుళాలు ఎడమకు పడసాగాయి. గురిచూసే దుర్భిణిని, అదే స్కోప్‌ను, రెండు పెట్టెల తూటాలు అయ్యేదాకా తిప్పి తిప్పి విసిగాక, కాల్పులు సాధన చేసే రేంజ్‌లో ఒక పెద్దాయన జేబులోంచి డాలరు నోటు తీసి, బ్యారెల్‌కూ కర్రకూ మధ్య దూర్చి, కొసనుంచి వెనక్కి లాగాడు. నాలుగంగుళాలు వచ్చి నోటు ఆగిపోయింది. తేమకు ఉబ్బిన కర్ర బ్యారెల్‌ను ఒక పక్కకు ఒత్తుతోంది. గరుకు కాగితంతో ఆ చోట కాస్త రుద్దేసరికి గుళ్ళు మళ్ళీ చోటికి వచ్చాయి. దుకాణంలో మీరూ ముందు ఆ నోటు పరీక్షే చేయండి. ప్లాస్టిక్ స్టాక్ చూసి మొహం చిట్లించకండి. మన నెల్లూరు సముద్రతీరపు గాలిలాంటిదే ఇక్కడి గాలి కూడా.

డబ్బు చాలితే టిక్కా కొనండి, చాలకపోతే సావేజ్ కొనండి. ఈ రెండింటికీ ఉన్న తేడా గురిలో కన్నా చేతికి తెలిసే నునుపులోనే ఎక్కువ. సావేజ్ కొంటే మిగిలే డబ్బును మంచి స్కోప్‌కూ, దాన్ని పట్టి ఉంచే రింగులకూ, వేరువేరు తూటాల పెట్టెలు మూడు నాలుగింటికీ పెట్టండి. ఒకే రైఫిల్ ఒక రకం తూటాతో అంగుళమూ, మరో రకంతో రెండంగుళాలూ పడడం మామూలే. నెల్లూరులో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ పేల్చిన అలవాటు ఉంటే, శ్వాస ఆపి ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కడం మీకు కొత్తగా నేర్పనక్కరలేదు.

ఇంకొక్క మాట. రేంజ్‌కు తీసుకెళ్ళే సంచిని ఊరికి వచ్చేటప్పుడు వాడకండి. పక్క జేబులో మరిచిపోయిన ఒక్క తూటా చెన్నై విమానాశ్రయంలో ఎక్స్‌రేకు దొరికిందంటే ఆయుధాల చట్టం కింద కేసు, బయట కారుతో నెల్లూరునుంచి వచ్చి నిలబడిన మీ నాన్నగారికి ఎప్పటికి విడుదలవుతారో చెప్పేవారు ఉండరు.